సముద్రం చూద్దామని వెళ్లి కాయల్ చూసొచ్చాం: కొచ్చిలో మా అయిదు రోజులు

"ఎక్కడికైనా తీసుకెళ్లరా, గుడి మాత్రం వద్దు. గుళ్లు తిరిగి తిరిగి మోకాళ్లు అరిగిపోయాయి" అంది అమ్మ. ముప్పై ఏళ్లు నెల్లూరు పక్క పల్లెలో వరి, తర్వాత కొన్నాళ్లు రొయ్యల చెరువులు చూసిన మనిషి, నాన్న పోయాక హైదరాబాద్‌లో నా ఫ్లాట్ బాల్కనీలో కరివేపాకు మొక్కకి రోజుకి మూడుసార్లు నీళ్లు పోస్తూ కూర్చుంటోంది. సముద్రం చూపిస్తానన్నాను. వైజాగ్ చూసేసింది, చెన్నై అంటే ఆసుపత్రి గుర్తొస్తుందట. కొచ్చి అన్నాను, అక్కడికి శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఎక్కి కూర్చుంటే చాలు, ఎక్కడా మారక్కర్లేదు. అక్టోబర్ చివరివారం కాబట్టి అయ్యప్ప మాలల రద్దీ ఇంకా మొదలవలేదు, టికెట్లు దొరికాయి.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు మధ్యాహ్నం దాటాక ఎర్నాకుళం టౌన్ స్టేషన్‌లో దిగాం. ముందు ఒక్క మాట చెప్పాలి, ఇది తెలియకే నేను రూమ్ బుక్ చేసేటప్పుడు గంటసేపు తల గోక్కున్నాను. బయటివాళ్లు కొచ్చి అనుకునేది ఒక ఊరు కాదు. ఎర్నాకుళం అంటే ఇటు ఒడ్డున ఉన్న కొత్త నగరం, మాల్స్, మెట్రో, హైకోర్టు అన్నీ ఇక్కడే. ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరి అటు ఒడ్డున ఉన్న పాత ఊళ్లు. మధ్యలో వెల్లింగ్టన్ కాదు, విల్లింగ్డన్ ఐలాండ్, అది 1920ల తర్వాత హార్బర్ తవ్విన మట్టి పోసి తయారుచేసిన దీవి. ఉత్తరాన వైపిన్. వీటన్నిటి మధ్యా ఉన్నది సముద్రం కాదు, ఉప్పూ మంచీ కలిసిన వెనకనీళ్లు. మలయాళంలో కాయల్ అంటారు. ఆటో అతను చెయ్యి చాపి "కాయల్, కాయల్" అని చూపిస్తే అమ్మ అటూ ఇటూ చూసి "ఏం కాయలు? చెట్టే లేదుగా" అంది.

నా సలహా ఒకటే. ఎర్నాకుళంలో దిగగానే క్యాబ్ మాట్లాడుకుని ఫోర్ట్ కొచ్చికి రోడ్డు మీద పోకండి, వంతెనల మీదుగా చుట్టూ తిరిగి, ట్రాఫిక్‌లో ఉసూరుమంటూ చేరతారు. హైకోర్టు దగ్గర వాటర్ మెట్రో ఉంది, 2023 ఏప్రిల్‌లో మొదలైంది, ఫోర్ట్ కొచ్చికి మాకు మనిషికి 40 రూపాయలు పడింది. ఏసీ పడవ, కరెంటు మీద నడుస్తుంది, ఒక్కోదానికి వంద మంది లెక్క, నిండితే గేటు మూసేస్తారు. నాకు బాగా నచ్చింది పడవ కన్నా దాని రేవు. ఆటుపోట్లకి నీటిమట్టం పెరిగినా తగ్గినా రేవు కూడా నీళ్ల మీద తేలుతూ పడవతో పాటే లేస్తుంది, దిగుతుంది, కాబట్టి అడుగు పెట్టేచోట ఎత్తుపల్లం ఉండదు. మోకాళ్ల నొప్పుల అమ్మ చెయ్యి పట్టుకోకుండా ఎక్కింది. కిటికీలోంచి ముందు డచ్చివాళ్లు 1744లో కట్టిన బోల్గాట్టి ప్యాలెస్, తర్వాత వల్లార్పాడం కంటైనర్ టెర్మినల్ క్రేన్లు, మధ్యలో ఎక్కడ చూసినా గుర్రపుడెక్క తెట్టెలు తెట్టెలుగా కొట్టుకుపోతూ. వానాకాలంలో నదుల మంచినీళ్లు దిగి ఉప్పు తగ్గుతుంది కదా, అప్పుడు ఇది విరగబడి పెరుగుతుంది, ఎండాకాలంలో ఉప్పు ఎక్కితే చస్తుంది. ఈ ఉప్పు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఫోర్ట్ కొచ్చి బీచ్ గురించి నిజం చెప్పేస్తా. బీచ్ కోసమే అయితే వెళ్లకండి. అలలు తినేయగా మిగిలిన సన్నటి ఇసుక పట్టీ, దాని నిండా ఆ గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సీసాలు. సూర్యాస్తమయం మాత్రం బాగుంది, అది ఎక్కడైనా బాగానే ఉంటుంది. అమ్మ అయిదు నిమిషాలు నిలబడి "ఇదేనా నీ సముద్రం?" అంది. నేను మాట్లాడలేదు.

మర్నాడు శుక్రవారం. అది పూర్తిగా నా తెలివితక్కువతనం వల్ల పోయిన రోజు. ఫోర్ట్ కొచ్చిలో రోడ్డెక్కితే చాలు, ఆటోవాళ్లు "రెండు గంటలు తిప్పుతా, వంద రూపాయలే, అన్నీ చూపిస్తా" అంటారు. వంద రూపాయలకి రెండు గంటలంటే అందులో ఏదో ఉందని ఎవరికైనా తెలియాలి, నాకు తెలియలేదు. మొదట తీసుకెళ్లింది మసాలా దినుసుల షాపుకి, తర్వాత చేనేత షాపుకి, తర్వాత "ఊరికే చూడండి సార్, కొనక్కర్లేదు, మీరు లోపలికెళ్తే నాకు డీజిల్ కూపన్ ఇస్తారు" అని ఇంకో మసాలా షాపుకి. కనీసం మూడోసారి నిజం చెప్పాడు, అందుకు కోపం కూడా రాలేదు. ఆ షాపులో కళ్లు చెదిరేంత ఆకుపచ్చగా యాలకులు పోసి ఉన్నాయి. అమ్మ ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది, గింజలు గలగలలాడాయి. గోటితో చీల్చి చూస్తే లోపల గింజలు నల్లగా జిగురుగా ఉండాల్సింది, ఎండి బూడిదరంగుకి తిరిగి ఉన్నాయి. నోట్లో వేసుకుని నమిలి, ఆ షాపబ్బాయితో తెలుగులోనే "పాతవి నాయనా" అని చెప్పి బయటికొచ్చేసింది. ఆ అబ్బాయికి ఏం అర్థమైందో గానీ మళ్లీ పిలవలేదు.

ఆ షాపులన్నీ అయ్యి మట్టాంచేరి ప్యాలెస్‌కి వెళ్తే గేటుకి తాళం. శుక్రవారం సెలవు. పక్క వీధిలోనే యూదుల ప్రార్థనా మందిరం, పరదేశి సినగోగ్. అక్కడికి పరిగెత్తితే, శుక్రవారం మధ్యాహ్నం నుంచి వాళ్ల సబ్బాత్‌కి మూసేస్తారు, శనివారం పూర్తిగా సెలవు. ఒకే ఊళ్లో నాలుగడుగుల దూరంలో ఉన్న రెండింటికి రెండు సెలవులు, ఆదివారం ఉదయం వెళ్తే చర్చిలో ప్రార్థనలు. కొచ్చి వెళ్లేవాళ్లు ముందు చూసుకోవాల్సింది హోటల్ రేటింగులు కాదు, ఏ మతం వాళ్లకి ఏ రోజు సెలవో.

ఆ రోజు తెరిచి ఉన్నది సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి ఒక్కటే, అదీ మంచిదైంది. పోర్చుగీసువాళ్లు 1503లో ముందు చెక్కతో కట్టారు. వాస్కోడగామా 1524లో క్రిస్మస్ ముందురోజు ఈ ఊళ్లోనే చనిపోతే ఇక్కడే పూడ్చారు, పద్నాలుగేళ్ల తర్వాత అస్థికలు పోర్చుగల్ తీసుకెళ్లారు. ఇప్పుడున్నది చుట్టూ కంచె వేసిన రాయి మాత్రమే. అమ్మని ఆకట్టుకున్నది గామా కాదు, పైన వరసగా వేలాడుతున్న గుడ్డ పంకాలు. వాటి తాళ్లు గోడలోని కంతల్లోంచి బయటికి పోతాయి. లోపల దొరలు ప్రార్థన చేసుకుంటుంటే బయట ఎండలో కూర్చుని ఒక మనిషి లాగేవాడన్నమాట. అమ్మ బయటికొచ్చి ఆ తాడు ఎక్కడ తేలుతుందో గోడంతా వెతికింది.

శనివారం ఆటో ఎక్కలేదు. మట్టాంచేరి అంతా నడిచాం, ఆగి ఆగి, టీలు తాగుతూ. ఈ ట్రిప్‌లో నగరం వరకు నాకు దక్కింది ఈ ఒక్క రోజే అనిపిస్తుంది. ప్యాలెస్ బయట నుంచి పాత తాలూకా ఆఫీసులా ఉంటుంది. డచ్ ప్యాలెస్ అంటారు గానీ కట్టింది పోర్చుగీసువాళ్లు, 16వ శతాబ్దంలో కొచ్చి రాజుకి కానుకగా, డచ్చివాళ్లు తర్వాత మరమ్మతు చేసి పేరు కొట్టేశారు. లోపల పడకగది గోడల నిండా రామాయణం, సందు లేకుండా, ఆకు మీద ఆకు పేర్చినట్టు బొమ్మ మీద బొమ్మ. ఫొటోలు తీయనివ్వరు, దానివల్ల నిజంగానే గోడ చూశాం.

అక్కడి నుంచి గుజరాతీ వీధి. ఒక్కసారిగా ఫాఫ్డా వాసన, గుజరాతీలో బోర్డులు, జైనుల గుడి. ఇంకొంచెం ముందుకెళ్తే కొంకణీవాళ్ల తిరుమల దేవస్థానం, పేరు చూసి అమ్మ ఆగిపోయింది. గుళ్లు వద్దన్న మనిషి, "మన వెంకన్న ఇక్కడెందుకున్నాడురా?" అని లోపలికి దారి తీసింది. గోవాలో పోర్చుగీసువాళ్ల బాధ పడలేక దక్షిణానికి తరలివచ్చిన గౌడ సారస్వతుల గుడి అది. తర్వాత వేలి అనే చోట ధోబీఖానా చూశాం. అక్కడ పనిచేసేవాళ్లు తమిళులు, తరతరాలుగా ఇక్కడే. డచ్చివాళ్లు తమ సైనికుల బట్టలు ఉతికించడానికి పిలిపించారని చెప్పుకుంటారు. వరసగా గట్టి అరలు, ఒక్కో కుటుంబానికి ఒక్కోటి. ఆరేసే తాళ్లకి క్లిప్పులుండవు. రెండు తాళ్లు మెలిపెట్టి ఆ మెలికలో గుడ్డ కొస దూరుస్తారు, గాలికి జారదు. బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో చీర మడత వేస్తున్న ఆవిడ, అమ్మ కట్టుకున్న వెంకటగిరి కొంగు పట్టుకుని చూసి, తమిళంలో గంజి గురించి ఏదో అడిగింది. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. ఈవిడ తెలుగు, ఆవిడ తమిళం. నేను పక్కన నిలబడి ఫోన్ చూసుకున్నాను.

ఆ సాయంత్రమే బజార్ రోడ్‌లో, పర్యాటకులు పెద్దగా వెళ్లని గోడౌన్ల వరసలో, గోతాల మధ్య కూర్చున్న ఒక ముసలాయన దగ్గర అమ్మ అరకిలో మిరియాలు కొంది. కొనే ముందు గ్లాసుడు నీళ్లు అడిగి నాలుగు మిరియాలు వేసింది. మునిగాయి. బొప్పాయి గింజలు కలిపితే తేలతాయట. ఆయన ఏమీ అనుకోలేదు, పైగా నవ్వి ఇంకో గుప్పెడు ఎక్కువ పోశాడు.

తిండి దగ్గర మనవాళ్లకి రెండు మూడు మాటలు. హోటల్లో గ్లాసులో గులాబీరంగు వేడి నీళ్లు పోస్తారు, రంగు కలిపారని టెన్షన్ పడక్కర్లేదు, పతిముగం అనే చెక్క వేసి కాచిన నీళ్లు. అన్నాన్ని చోరు అంటారు, హిందీ గుర్తొచ్చి ఉలిక్కిపడకండి. నీళ్లని వెళ్ళం అంటారు. చాలు అనడానికి "మది" అనాలి. ఇది మాత్రం మొదటిరోజే నేర్చుకోండి, లేకపోతే ఆ లావుపాటి ఎర్రన్నం గరిటెల మీద గరిటెలు పడుతూనే ఉంటుంది. చేపల పులుసులో చింతపండు కాకుండా కుడంపులి అనే నల్లగా ఎండబెట్టిన పండు వేస్తారు, దాని పులుపు వేరు, కొంచెం పొగవాసన. అమ్మకి రెండోరోజుకి అలవాటైంది, నాకు చివరిదాకా నెల్లూరు చేపల పులుసే గుర్తొచ్చింది, ఏం చేస్తాం.

ఆదివారం సినగోగ్ చూశాం. 1568లో కట్టింది, చెప్పులు విప్పి వెళ్లాలి. నేలంతా చైనా నుంచి తెప్పించిన తెలుపు నీలం పలకలు, చేత్తో వేసిన బొమ్మలు, ఏ రెండూ ఒకలా ఉండవంటారు. నేను ఓ పది చూసి సరే అనుకున్నాను. ఆ వీధి పేరు యూదుల వీధే గానీ ఇజ్రాయెల్ ఏర్పడ్డాక దాదాపు అందరూ వెళ్లిపోయారు, ఇప్పుడు షాపుల్లో ఉన్నది కాశ్మీరీలు. చైనా వలల సంగతి, అదే ఒడ్డున పెద్ద కర్రలకి వేలాడే చేపల వలల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఫోర్ట్ కొచ్చి ఒడ్డున ఉన్నవి ఇప్పుడు సగం ఫొటోల కోసమే. వల దించడం, ఎత్తడం చూడండి, వెనకవైపు తాళ్లకి కట్టిన బండరాళ్లే దానికి తూకం, నలుగురైదుగురు లాగితే అంత వలా పైకి లేస్తుంది. "రండి సార్, మీరూ లాగండి" అని పిలిస్తే మాత్రం డబ్బులిచ్చే ఉద్దేశం ఉంటేనే వెళ్లండి. నేను లాగాను, వందిచ్చాను, వలలో పడ్డవి పిడికెడు చిన్న చేపలు, ఒక పీత, ఒక చెప్పు.

సోమవారం కడమక్కుడి. అసలు ఈ రాత మొదలుపెట్టిందే ఈ రోజు గురించి చెప్పడానికి.

హోమ్‌స్టే చేచ్చి, అదే ఆ ఇంటావిడ, అమ్మ వ్యవసాయం మనిషని తెలిసి "మున్నార్ వద్దు, టీ తోటల్లో ఏముంది, పొక్కాళి చూపించు మీ అమ్మకి" అంది. పొక్కాళి అంటే ఉప్పునీళ్ల నేలల్లో పండే ఇక్కడి వరి. కడమక్కుడి నగరానికి ఉత్తరాన, కాయల్ మధ్యలో చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న దీవుల గుంపు. వరాపుళ మీదుగా ఆటోలో వెళ్లాం, ఈసారి ముందే రేటు మాట్లాడుకుని. హైవే వదిలి పది నిమిషాలు పోయేసరికి రోడ్డుకి రెండువైపులా నీళ్లు, ఆ నీళ్లలో వరి, దూరంగా ఎర్నాకుళం అపార్ట్‌మెంట్లు సన్నగా కనబడుతున్నాయి. ఇంత దగ్గరా అనిపించింది.

ఆటో దిగీదిగగానే అమ్మ "అయ్యయ్యో" అంది. చేనంతా పడిపోయి ఉంది. గాలివానకి పడిన వరి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఆ దృశ్యం గుండె గుభేల్‌మనిపిస్తుంది. మనిషి ఎత్తు పెరిగే పైరు వంగి నీళ్లలో పడుకుని ఉంది. "చేతికొచ్చే ముందు పడిపోయిందిరా పాపం, ఎవరిదో" అని గట్టు మీద నిలబడిపోయింది. నడుములోతు నీళ్లలో నిలబడి కోస్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు. ఆటో అతను ఆయన మలయాళాన్ని ఇంగ్లీషులోకి మార్చి నాకు చెప్పేవాడు, నేను తెలుగులో అమ్మకి. రెండు మాటలయ్యాక వాళ్లకి మా ఇద్దరి అవసరం తగ్గిపోయింది. నెల్లు అంటే వరి, మాకు మా నెల్లూరు పేరే వినబడింది. కోతని కొయ్త్ అన్నాడు. తూముని తూంబు అన్నాడు. ఉప్పుని ఉప్పే అన్నాడు.

ఆ పైరు పడిపోలేదు. దాని తీరే అది. ముదిరేకొద్దీ కాండం వంగి నీళ్లలో వాలిపోతుంది, వెన్ను, అదే గింజల కంకి, మాత్రం పైకి తిరిగి నిలబడుతుంది. కోసేది ఆ వెన్ను వరకే, దుబ్బంతా నీళ్లలోనే వదిలేస్తారు. జూన్‌లో వానలు పడి కాయల్‌లో ఉప్పు కడుక్కుపోగానే, ముందే చేలో చిన్న చిన్న మట్టి కుప్పలు వేసి వాటి మీద మొలకెత్తిన విత్తనం చల్లుతారు. మొలకలు జానెడు పెరిగాక ఆ కుప్పల్ని పారతో తెగ్గొట్టి, మొక్కలతో సహా చేనంతా సర్దుతారు. ఎరువు లేదు, మందు లేదు. అక్టోబర్ చివరికి కోత. నవంబర్ నుంచి మళ్లీ సముద్రపు ఉప్పు పైకి ఎక్కుతుంది, అప్పుడు తూము తెరిస్తే పోటుతో పాటు రొయ్య పిల్లలు లోపలికొస్తాయి, ఆ వదిలేసిన దుబ్బు కుళ్లి వాటికి మేత అవుతుంది. రొయ్యల మడ్డి మళ్లీ వరికి ఎరువు. ఆరు నెలలు వరి, ఆరు నెలలు రొయ్య. 2008లో పొక్కాళికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా ఊళ్లో రొయ్యల చెరువు తవ్విన పొలం మళ్లీ పొలం కాలేదు. మా రెండెకరాలూ అంతే. చివరికి "మందులేమీ వేయరా? రొయ్యకి తెగులు రాదా?" అని అడిగింది. వస్తుందన్నాడు. వరి వల్ల మిగిలేది ఏమీ లేదు, కోతకి మనుషులు దొరకరు, ఈ నీళ్లలోకి మిషన్ దిగదు, చాలామంది వరి మానేసి ఏడాది పొడవునా రొయ్యే వేద్దామంటున్నారు, ఒక వరి, ఒక చేప అని ప్రభుత్వం రూలు పెట్టినా వేసేవాళ్లు తగ్గిపోతున్నారని చెప్పాడు. ఇన్‌స్టాలో అందంగా కనబడే ఆ నీళ్లలో సగం, వరి వేయక ఖాళీగా పడున్న చేలే. ఈ మాట ఆటో అతను అన్నాడు, తన మామయ్యవీ అలాగే ఉన్నాయట.

అమ్మ వంగి ఒక వెన్ను అందుకుని, గింజ గోటితో ఒలిచి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. ఆ పెద్దాయనకి ఆవిడేం వెతుకుతోందో అర్థమైంది, "ఉప్పు ఇల్లా" అన్నాడు. లేదు అని. అమ్మ తలూపింది గానీ నమ్మినట్టు కనబడలేదు.

మధ్యాహ్నం ఉరుములతో వాన అందుకుంటే పక్కనే ఉన్న కల్లు షాపులో దూరాం. అక్కడ కుటుంబాలతో కూర్చుని భోజనం చేస్తారు, మొహమాటపడక్కర్లేదు. కర్రపెండలం ఉడకబెట్టి, మీద ఎర్రటి చేపల కూర. రేకుల మీద వాన మోతకి ఒకరి మాట ఒకరికి వినబడలేదు. అమ్మ కల్లు రుచి చూసి "పొద్దున్నే దించింది కాదు" అని గ్లాసు పక్కన పెట్టింది, నేను తాగాను.

మర్నాడు స్టేషన్‌కి వెళ్లేటప్పుడు వాటర్ మెట్రో కాకుండా పాత సర్కారు పడవ ఎక్కుదామని అమ్మే అంది. ఆరు రూపాయల టికెట్, ఇంజిన్ మోతకి చెవులు గళ్లు పడతాయి, పక్కన స్కూలు పిల్లలు, గంపలతో ఆడవాళ్లు. నాకైతే అదే నచ్చింది. అమ్మ ఒళ్లో రెండు కిలోల పొక్కాళి బియ్యం సంచి, సూట్‌కేసులో పెడతానంటే ఇవ్వలేదు.

హైదరాబాద్ వచ్చిన మూడోరోజు నేను ఆఫీసులో ఉంటే ఫోన్ చేసింది. ఆరు విజిల్స్ వచ్చినా ఉడకలేదట, విడిగా గిన్నెలో పెట్టి ముప్పావుగంట ఉడికిస్తే అప్పుడు మెత్తబడిందట. "రుచెలా ఉందమ్మా?" అన్నాను.

"బానే ఉంది. ఉప్పు మాత్రం లేదురా, ఆయన చెప్పింది నిజమే" అంది.